ముందు మందు పేరు రాసే బార్: మూడుసార్లు వెళ్ళాక నా రివ్యూ

ఈ బార్‌కి రెండు నెలల్లో మూడుసార్లు వెళ్ళాను, రెండుసార్లు చాలా నచ్చింది, మూడోసారి మనసు విరిగింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. జూబ్లీహిల్స్‌లో మెయిన్ రోడ్డు మీంచి కొంచెం లోపలికెళ్తే రెండో ఫ్లోర్‌లో ఉంటుంది. పేరు మాత్రం ఇప్పుడు రాయట్లేదు, ఎందుకంటే చివర్లో ఒక కంప్లెయింట్ ఉంది, అది మేనేజర్‌కి మొహం మీదే చెప్పాను, సరిచేసుకుంటాం అన్నారు, ఆ టైమ్ ఇవ్వడం న్యాయం అనిపించింది. పేరు లేకపోయినా ఇందులో చెప్పేవన్నీ మీరు ఏ బార్‌లో కూర్చున్నా చూసుకోవచ్చు.

ముందు మెనూ సంగతి. మన దగ్గర కాక్‌టెయిల్ మెనూ అంటే చాలాచోట్ల వింత వింత పేర్లు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో పైనాపిల్, తులసి, దాల్చిన చెక్క అని రాస్తారు, అసలు లోపల పోసింది రమ్మో వోడ్కానో సర్వర్‌ని పిలిచి అడిగితే గానీ తెలీదు, ఒక్కోసారి అతనికీ తెలీదు. ఇక్కడ ఒక్కో పేజీ పైన పెద్దక్షరాల్లో జిన్, రమ్, విస్కీ, టకీలా, బ్రాందీ, వోడ్కా అని ఉంటుంది, దాని కింద నాలుగైదు డ్రింకులు, పక్కనే ఏ మందు ఎన్ని ఎమ్మెల్ పోస్తారో కూడా రాశారు. నాకు ఇది చాలా పెద్ద విషయం. బిర్యానీకి వెళ్తే చికెనా మటనా అని చూడకుండా ఆర్డర్ ఇవ్వం కదా, మరి ఎనిమిది వందలు పోసి తాగేదాంట్లో ఏముందో ఎందుకు అడగం?

మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళి కౌంటర్ దగ్గర కూర్చుని డైకిరీ చెప్పాను. కొత్త బార్ ఏదైనా సరే నేను మొదట అదే చెప్తా, ఎందుకంటే అందులో ఉండేవి మూడే, వైట్ రమ్, నిమ్మరసం, పంచదార పాకం, ఏ ఒక్కటి తేడా కొట్టినా నాలిక్కి ఇట్టే తెలిసిపోతుంది. క్యూబాలో శాంటియాగో దగ్గర డైకిరీ అని ఊరుంది, అక్కడ ఇనప గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు 1898 ప్రాంతంలో దీన్ని కలిపాడని చెప్తారు. చెరుకు పండే చోటు కాబట్టి రమ్మూ పంచదారా రెండూ అక్కడివే, నిమ్మకాయలూ అక్కడివే. వినడానికి మన నిమ్మ షర్బత్‌లో రమ్ పోసినట్టే ఉంటుంది గానీ విషయమంతా కొలతలో ఉంది, 60 ఎమ్మెల్ రమ్ముకి 25 నిమ్మరసం, 20 పాకం, నిమ్మరసం ఒక్క పది ఎక్కువైతే పళ్ళు జివ్వుమంటాయి, పాకం ఎక్కువైతే దగ్గు మందు తాగినట్టుంటుంది.

బార్‌టెండర్ వరంగల్ వైపు కుర్రాడు. చిన్న స్టీలు కొలత గిన్నె ఉంటుంది, జిగ్గర్ అంటారు, దాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని అంచుదాకా నింపి పోస్తున్నాడు, చేతివాటంగా పోసేది లేదు. నిమ్మకాయ నా ముందే కోసి పిండాడు. పిండి పెట్టుకున్న రసం వాడరా అని అడిగితే "లేదన్నా, పొద్దుగాల పిండి పెడితే రాత్రికల్లా ఆ వాసన పోతది, చేదెక్కుతది, గందుకే ఎప్పటిదప్పుడే" అన్నాడు. తర్వాత షేకర్‌లో ఐస్ నిండా వేసి, బయట స్టీలు మీద తెల్లగా మంచు పట్టేదాకా ఊపి, సన్న జల్లెడలో వడకట్టి గ్లాసులో పోశాడు, గ్లాసు కూడా ముందే ఫ్రీజర్‌లో పెట్టింది. పైన పల్చటి నురగ, ఒక్క ఐస్ పలుకు లేదు. మొదటి గుక్కలో పులుపు తగిలింది, వెనకాలే తీపి, మింగేశాక రమ్ములోని చెరుకు వాసన ముక్కులోకి ఎగదన్నింది. అప్పుడే అనుకున్నా, వీళ్ళకి పని వచ్చు అని.

ఈ ఒక్క డ్రింకు అర్థమైతే సగం మెనూ అర్థమైపోయినట్టే, నిజంగా. మందు, పులుపు, తీపి. రమ్ బదులు బర్బన్ అనే అమెరికన్ విస్కీ పోస్తే విస్కీ సావర్, నురగ కోసం కొందరు గుడ్డు తెల్లసొన కూడా వేస్తారు. టకీలా పోసి, పాకం బదులు కమలా తొక్కల లిక్కర్, అదే ట్రిపుల్ సెక్, పోస్తే మార్గరీటా. టకీలా తీసేసి కోన్యాక్ అనే ఫ్రెంచ్ బ్రాందీ పోస్తే సైడ్‌కార్. అన్నీ ఒక ఇంటి పిల్లలే, మందు మారితే మొత్తం స్వభావం మారిపోతుంది, అందుకే మందు పేరు ముందు రాయాలి అని నేనింతగా చెప్పేది.

రెండోసారి మా బావతో వెళ్ళాను. భీమవరం నించి పని మీద వచ్చాడు, ఆయనకి బ్రాందీ తప్ప వేరే లోకం లేదు, మన ఆంధ్రా వైపు చాలామందికి అంతే కదా, బ్రాందీ, నీళ్ళు, పక్కన వేయించిన పల్లీలు. చుట్టుపక్కల టేబుళ్ళ మీద రంగు రంగుల గ్లాసులు చూసి "ఏరా, జ్యూసులు తాగడానికా నన్నింత దూరం తీసుకొచ్చావు" అన్నాడు. "బావా, ఇది నీ బ్రాందీయే, ఒక్క గుక్క తాగి చెప్పు" అని సైడ్‌కార్ తెప్పించా. తాగాడు, ఏం మాట్లాడలేదు, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు, తర్వాత "ద్రాక్షపళ్ళ వాసన వస్తోందిరా, మనం తాగేదాంట్లో ఇది ఎప్పుడూ రాదే" అన్నాడు.

ఎందుకు రాదంటే, కోన్యాక్ అనేది ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతంలో ద్రాక్ష వైన్‌ని రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్ళు పెట్టేది. మన దగ్గర చవగ్గా దొరికే బ్రాందీ, విస్కీ ఎక్కువ భాగం మొలాసిస్, అంటే పంచదార ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి, దాన్నించి తీసిన స్పిరిట్‌తోనే తయారవుతాయి. అందుకే మన మామూలు విస్కీల్లో చాలావాటిని యూరప్‌లో విస్కీ అని అమ్మనివ్వరు, అక్కడ విస్కీ అంటే ధాన్యంతోనే చెయ్యాలి. మన దేశంలో మంచివి లేవని కాదు, బెంగుళూరు అమ్రుత్ వాళ్ళు 2004లో సింగిల్ మాల్ట్‌ని, అంటే ఒకే డిస్టిలరీలో బార్లీ మొలకలతో చేసిన విస్కీని, ముందు గ్లాస్గోలో, అంటే స్కాచ్ వాళ్ళ సొంత గడ్డ మీద రిలీజ్ చేశారు. ఈ బార్‌లో ఓల్డ్ ఫ్యాషన్డ్ అడిగితే బర్బన్‌తో చేయమంటారా ఇండియన్ మాల్ట్‌తో చేయమంటారా అని వాళ్ళే అడుగుతారు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే మందు, పంచదార, కొంచెం నీళ్ళు, బిట్టర్స్ అనే మూలికల చేదు చుక్కలు. 1806లో అమెరికాలో ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏంటో చెప్పినప్పుడు రాసింది ఈ నాలుగే. నేను మాల్ట్‌తో చెప్పా, ఒకే ఒక్క పెద్ద ఐస్ గడ్డ, అద్దంలా ఉంది, అరగంటైనా సగం కూడా కరగలేదు, చివరి గుక్క దాకా రుచి పల్చబడలేదు.

టకీలా పేజీలో అందరూ చెప్పేది పికాంటే, ఈమధ్య హైదరాబాద్‌లో ఏ బార్‌కెళ్ళినా పక్క టేబుల్ మీద అదే. టకీలా, నిమ్మరసం, కొత్తిమీర, పచ్చిమిర్చి, అగావే సిరప్. మన నాలిక్కి ఎందుకు నచ్చదు, అచ్చం పచ్చడి వాసనే కదా. ఇక్కడ మిర్చి ముక్కని నలిపి, షేక్ చేశాక వడకట్టి తీసేస్తారు, కారం పెదాల మీద తెలుస్తుంది గానీ గొంతు మండదు, బాగుంది. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, టకీలా చేసేది అగావే అనే మొక్క నించి, అందుకే సీసా మీద వంద శాతం అగావే అని ఉందో లేదో అడగండి. అలా లేకపోతే దాదాపు సగం దాకా వేరే చక్కెరలతో చేసినది ఉండొచ్చు, మెక్సికో రూల్ ప్రకారం 51 శాతం అగావే ఉంటే చాలు. ఈ అగావే ఏదో కొత్త మొక్క కాదు, మన పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన ముళ్ళతో బారుగా పెరిగే కిత్తనార ఉంది చూశారా, ఆ జాతే. మన చిత్తూరు జిల్లాలోనే దక్కన్ అగావేతో డెస్మండ్‌జీ అనే మందు తయారు చేస్తున్నారు, 2011 నించీ మార్కెట్‌లో ఉంది. టకీలా అనే పేరు మెక్సికో వాళ్ళ హక్కు కాబట్టి అగావే స్పిరిట్ అనే అంటారు. ఈ బార్‌లో అది లేదు. ఇన్ని దేశాల సీసాలు వరసగా పేర్చి మన మట్టిలో పుట్టినది పెట్టకపోతే ఎలా అని వాళ్ళకి చెప్పాను, మీరూ వెళ్తే అడగండి, పదిమంది అడిగితే తెప్పిస్తారు.

జిన్‌లో నెగ్రోనీ బాగా చేస్తారు, జిన్, కంపారి అనే ఎర్రటి చేదు మందు, స్వీట్ వర్మూత్ అనే మూలికల తీపి వైన్, మూడూ 30 ఎమ్మెల్ సమానంగా. రసాలు ఉన్నవి షేకర్‌లో ఊపాలి, ఇలా మొత్తం మందులే ఉన్నవి గరిటతో తిప్పాలి, ఊపితే మసగ్గా అయిపోతుంది, ఇక్కడ సరిగ్గా తిప్పే ఇచ్చారు. చేదుగా ఉంటుంది, కాకరకాయ ఇష్టంగా తినేవాళ్ళకి నచ్చుతుంది, మా బావకి నచ్చలేదు. జిన్ టానిక్‌లో గోవాలో చేసే గ్రేటర్ దాన్ పోసి, కరివేపాకు రెబ్బ చేత్తో ఒక్కసారి చరిచి పైన పెట్టారు, తాగబోయే ముందే ఆ వాసన తగుల్తుంది. టానిక్‌లో ఆ చేదు క్వినైన్‌ది, సింకోనా బెరడు నించి వచ్చేది, తెల్లవాళ్ళు మలేరియాకి భయపడి తాగేవాళ్ళు, ఆ చేదు పోవడానికి జిన్ కలిపారని చెప్తారు. మలేరియాని మోసేది దోమే అని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే, ఆ బిల్డింగు బేగంపేటలో ఇప్పటికీ ఉంది, ఆ పక్క నించే నేను రోజూ ఆఫీసుకెళ్తా. ఆ రోజు ఆ గ్లాసు తాగుతుంటే నాకు నిజంగా ఏదోలా అనిపించింది.

ఇంకోటి, నలుగురికి సరిపడా పెద్ద గిన్నెలో పంచ్ ఇస్తారు, డార్క్ రమ్, నిమ్మరసం, బెల్లం పాకం, టీ డికాక్షన్, పైన జాజికాయ తురుము. అయిదు దినుసులు కాబట్టి మన "పంచ" నించే పంచ్ అనే మాట వచ్చిందని చాలామంది అంటారు, అందరూ ఒప్పుకోరు గానీ, ఆ మాట ఇంగ్లీషులో మొట్టమొదట కనిపించేవాటిలో ఒకటి 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు పేటపోలిలో ఉన్న వర్తకుడికి రాసిన ఉత్తరం. పేటపోలి అంటే ఇప్పటి మన నిజాంపట్నం, బాపట్ల జిల్లా. ఇది చెప్తే మా బావ గరిట పక్కన పెట్టేసి "నిజాంపట్నమా? రొయ్యల పని మీద నెలకోసారి వెళ్తానురా నేను, అక్కడెవరూ ఈ ముక్క చెప్పలేదే" అన్నాడు. బెల్లం వాసన, టీ వగరు, రమ్ము, మూడూ బాగా కలిశాయి, ఈ బార్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

వోడ్కా పేజీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మాస్కో మ్యూల్ రాగి మగ్గులో ఇచ్చారు, అల్లం ఘాటు బాగుంది. లాంగ్ ఐలాండ్ జోలికి నేను పోను, వోడ్కా, జిన్, రమ్, టకీలా, ట్రిపుల్ సెక్ అన్నీ ఒకదాంట్లో పోసి పైన కోలా పోస్తే ఏ మందు రుచీ మిగలదు, తీపి వల్ల ఎంత తాగామో కూడా తెలీదు. తినడానికి కరివేపాకు రొయ్యలు బాగున్నాయి, మిగతావి మామూలే.

ఇప్పుడు మూడోసారి సంగతి. శనివారం రాత్రి తొమ్మిదిన్నర, ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురితో వెళ్ళాను, వారం రోజులుగా వాళ్ళకి ఈ డైకిరీ గురించే చెప్తున్నా. జనం కిటకిట, కౌంటర్‌లో వేరే ఇద్దరు. నేను చూస్తుండగానే కౌంటర్ కింద నించి పసుప్పచ్చటి ప్లాస్టిక్ బాటిల్ తీసి, కొలత లేదు ఏం లేదు, షేకర్‌లోకి గడగడా వంచేశారు. సావర్ మిక్స్, అంటే పులుపూ తీపీ కలిపేసిన రెడీమేడ్ నీళ్ళు. ఐస్ కూడా అప్పటికే కరిగి తడిగా ఉంది. గ్లాసు నోటి దగ్గర పెట్టగానే నిమ్మకాయ గోళీల వాసన. బిల్లులో మాత్రం అదే 850. అడిగితే "వీకెండ్ రష్ సార్, అందరికీ నిమ్మకాయలు పిండలేం" అన్నారు. రష్ ఉంటుంది, నాకు తెలుసు, ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు, నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నట్టున్నాయి వాళ్ళకి. కానీ తాజా నిమ్మరసం అని మెనూలో రాసి, మంగళవారం వచ్చినవాడికి ఒకటి శనివారం వచ్చినవాడికి ఒకటి ఇచ్చి, డబ్బులు మాత్రం ఒకటే తీసుకోవడం తప్పు. మేనేజర్ వచ్చి, విని, ఆ డ్రింకులు బిల్లులోంచి తీసేశారు, నిమ్మకాయలు పిండడానికి వీకెండ్‌లో ఇంకో మనిషిని పెడతాం అన్నారు. మర్యాదగానే మాట్లాడారు.

వెళ్ళాలనుకుంటే మంగళ బుధవారాల్లో ఎనిమిది లోపు వెళ్ళి కౌంటర్ దగ్గరే కూర్చోండి, ముందు డైకిరీ, తర్వాత మీరు రోజూ తాగే మందు ఏదో ఆ పేజీలోంచి ఒకటి, నలుగురుంటే పంచ్. ఒక్కో కాక్‌టెయిల్ 750 నించి 950 దాకా ఉంది. కారు తీసుకెళ్ళొద్దు, ఒక్క డ్రింకులోనే 60 ఎమ్మెల్ ఉంటుంది, క్యాబ్ బుక్ చేసుకోండి. నేను వచ్చే నెల మళ్ళీ వెళ్తా, శనివారం రాత్రే, తొమ్మిదిన్నరకే, డైకిరీయే చెప్తా. నా ముందు నిమ్మకాయ కోసి పిండితే ఈ రివ్యూలో బార్ పేరు చేరుస్తా.