పాదం పుండుకి గ్రోత్ ఫ్యాక్టర్ జెల్లా, కాలికి కాస్టా?

షుగర్ వల్ల అరికాల్లో పడ్డ పుండు వారాలు గడిచినా మానకపోతే చాలామంది ముందు అడిగేది "కొత్త జెల్ ఏదో ఉందట కదా" అని. ఉంది, బెకాప్లెర్మిన్. మన రక్తంలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే గ్రోత్ ఫ్యాక్టర్‌నే (కణాలు పెరిగేలా చేసే ప్రోటీన్) ఈస్ట్ కణాల్లో తయారుచేసి 0.01% జెల్‌గా ఇస్తారు, అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. రోజుకోసారి పలచగా రాసి, 12 గంటలయ్యాక కడిగేసి, మిగతా 12 గంటలు తడి గాజ్ గుడ్డతో (పుండ్లకు కట్టే పలచని గుడ్డ) కప్పి ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక పెద్ద ట్రయల్‌లో 20 వారాలకు జెల్ వాడినవాళ్లలో 50% మందికి, మందులేని జెల్ వాడినవాళ్లలో 35% మందికి పూర్తిగా మానింది.

కాస్ట్ (పిండికట్టు లాంటి గట్టి కట్టు) సంగతి వేరు. మోకాలి కింది వరకు వేసే ఈ కట్టు అడుగు వేసినప్పుడు పుండు మీద పడే బరువును పాదమంతటికీ, కాలికీ పంచేస్తుంది, పైగా రోగి దాన్ని విప్పలేడు, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే, ఎందుకంటే షుగర్ వల్ల స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు కాబట్టి విప్పగలిగే బూటు ఇస్తే ఇంట్లో తీసేసి నడిచేస్తారు. ఇబ్బందీ ఉంది: స్నానం కష్టం, తరచూ మార్పించుకోవాలి, ఇన్‌ఫెక్షన్ ముదిరినా రక్తప్రసరణ బాగా తగ్గినా వేయకూడదు.

జెల్‌కీ రక్తప్రసరణ బాగుండాలి, రాసేచోట క్యాన్సర్ ఉంటే అసలు వాడకూడదు. అరికాలి పుండైతే నా ఓటు ముందు కాస్ట్‌కే. బరువు తీయకుండా జెల్ రాస్తే మానుతున్న కణజాలాన్ని రోజూ మనమే తొక్కేస్తున్నట్టు.