చవగ్గా వస్తోందని ఇంకొకరి గ్యాస్ సిలిండర్ కొనకండి, వదిలించుకోలేక చస్తారు

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌ను ఖాళీ చేసి వెళ్తున్నాయన రెండు సిలిండర్లు, రెగ్యులేటర్ కలిపి 4,500 రూపాయలకు నాకు అమ్మారు. "కొత్త కనెక్షన్ అంటే సిలిండర్‌కి 2,200 చొప్పున డిపాజిట్, రెగ్యులేటర్‌కి 250, పైగా ఏజెన్సీ చుట్టూ తిరుగుడు. మీకెందుకండీ, నా నంబరు మీదే బుక్ చేసుకోండి" అన్నారు. సామాన్లు దించుకునే హడావుడిలో సరేనన్నాను. కాగితం అడగాలని తట్టనే లేదు. ఇప్పుడు లెక్క వేస్తే నాకు మిగిలింది 150 రూపాయలు. ఆ 150 కోసమే ఈ కథంతా.

కష్టాలు డెలివరీ దగ్గరే మొదలయ్యాయి. కోడ్ ఆయన ఫోన్‌కి వెళ్లేది. డెలివరీ బాయ్ గుమ్మంలో సిలిండర్ పెట్టుకుని నిలబడితే, నేను ఆయనకు ఫోన్ మీద ఫోన్ కొట్టేవాణ్ణి. ఆయన ఎత్తక రెండుసార్లు సిలిండర్ వెనక్కి వెళ్లిపోయింది. అయినా బుద్ధి రాలేదు.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌కి పైపు గ్యాస్ వచ్చింది. ఒకటి ఖాళీది, ఒకటి సగం ఉన్నది, రెండూ ఆటోలో వేసుకుని ఏజెన్సీకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నమ్మాయి నంబరు కొట్టి చూసి, "ఇవి మీవి కావు కదా సార్" అంది. నేను కొన్నానమ్మా అన్నాను. "అమ్మడానికి ఆయనవీ కావు సార్" అంది.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఇదే. మన వంటింట్లో ఉండే 14.2 కిలోల సిలిండర్ మనది కాదు, ఆయిల్ కంపెనీది. మనం కట్టేది డిపాజిట్ మాత్రమే. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఎస్‌వీ అనే కాగితం ఇస్తారు. అది ఎవరి పేరున ఉంటే వాళ్లే సరెండర్ చేయాలి, డిపాజిట్ వాళ్లకే వస్తుంది. అదీ ఇప్పటి రేటు కాదు, ఆ కాగితం మీద ఎంతుంటే అంతే. అంటే ఆయన నాకు అమ్మింది ఆయనది కాని వస్తువు, నేను కొన్నది నాది కాలేని వస్తువు.

మళ్లీ ఆటోలో ఇంటికి తెచ్చాను. సందులోకి వచ్చే పాత ఇనుప సామాన్ల అతను రెండింటికీ కలిపి 800 ఇస్తానన్నాడు. కాకపోతే "సగం ఉన్నదాన్ని మేడ మీద పెట్టి గ్యాస్ వదిలేయండి సార్, గాలికి పోతుంది" అన్నాడు. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. వంట గ్యాస్ గాలి కంటే బరువు. పైకి పోదు, కిందికి జారుతుంది. మెట్ల మీదుగా దిగి లిఫ్ట్ గుంటలోనో, సంపులోనో, సెల్లార్‌లోనో చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఖాళీ అనుకున్న సిలిండర్‌లోనూ ఎంతో కొంత గ్యాస్ ఉంటుంది. పాత సామాన్ల దుకాణంలో దాన్ని కట్టర్ పెట్టి కోసేవాడి ప్రాణం సంగతేంటి? 800 వద్దని, రెండింటికీ తెల్ల సేఫ్టీ క్యాపులు బిగించి బాల్కనీలో నిలబెట్టాను. పడుకోబెట్టకూడదు, అది కూడా గుర్తుంచుకోండి. వాసన వస్తే 1906కి ఫోన్ చేయాలని మా ఆవిడ ఫ్రిజ్ మీద రాసి అంటించింది.

అలా పెట్టాక చూశాను, పైన రింగుకు ఉన్న పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉన్నాయి. మళ్లీ ఎప్పటికల్లా టెస్ట్ చేయించాలో చెప్పే గడువు అది. ఎ అంటే మార్చి లోపు, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. నా దాంట్లో ఒకదానికి అదీ దాటిపోయింది. టెన్షన్ ఇంకాస్త పెరిగింది.

చివరికి ఇంటి ఓనర్ దగ్గర, నాకు సిలిండర్లు అమ్మినాయన కొత్త నంబరు దొరికింది. ఆయన వైజాగ్‌లో భార్య పేరున వేరే కనెక్షన్ తీసుకుని హాయిగా ఉన్నారు. నెలన్నర బతిమాలితే, ఏదో పెళ్లికి వచ్చినప్పుడు ఎస్‌వీ తెచ్చి సరెండర్ చేశారు. ఆయన కాగితం పాతది. సిలిండర్‌కి 1,450, రెగ్యులేటర్‌కి 150, మొత్తం 3,050. డబ్బు ఆయనకే ఇచ్చారు, నేను అడిగి తీసుకోవాల్సి వచ్చింది. సగం గ్యాస్‌కి పైసా రాలేదు. ఆటోలు కాక 1,450 బొక్క.

ఇల్లు మారేటప్పుడు ఎవరైనా ఇలా అమ్మజూపితే, ఇద్దరూ కలిసి ఏజెన్సీకి నడవండి. ఆయన అక్కడే సరెండర్ చేసి తన డిపాజిట్ తీసుకుంటారు, మీరు మీ పేరున కట్టి ఎస్‌వీ తీసుకుంటారు. రానని నసిగితే కొనకండి.

ఇక కంపెనీ పేరు, ఐఎస్ఐ ముద్ర ఏదీ లేకుండా స్టవ్వుల దుకాణాల్లో దొరికే చిన్న సిలిండర్లు ఉన్నాయే, హాస్టల్ పిల్లలు కొనేవి, వాటి జోలికి అసలే పోవద్దు. వాటికి డిపాజిట్ లేదు, ఏజెన్సీ లేదు, తిరిగి ఎవరికివ్వాలో తెలియదు. మా తోడల్లుడు బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు కొన్నది ఒకటి ఇప్పటికీ వాళ్ల డాబా మీద తుప్పు పడుతోంది.