గ్రూప్-1 ఎస్సే టెస్ట్ సిరీస్: దిద్దడం బాగుంది, మోడల్ ఆన్సర్లు మాత్రం పక్కన పెట్టండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సేకి నడుపుతున్న టెస్ట్ సిరీస్ ఇది. టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) పద్ధతే: మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో ఒక వ్యాసం, వెయ్యేసి పదాలు, 50 మార్కులు, మొత్తం మూడు గంటలు.

ఫీజుకి న్యాయం చేసేది దిద్దుబాటే. ముందు ప్రశ్నలోని కీలకపదం కింద గీత గీస్తారు. ఆ విషయాన్ని ఏ పేరాలో పట్టుకున్నారో అక్కడే మార్జిన్‌లో టిక్కు పెడతారు. 'పట్టణీకరణ: అభివృద్ధికి సూచికా, సంక్షోభానికి మూలమా?' అన్న టాపిక్ మీద అభ్యర్థులు రాసిన కాపీలు (జవాబుపత్రాలు) రెండు పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకటి నిర్వచనంతో మొదలైంది. 2011 జనగణన ప్రకారం పట్టణ జనాభా 31 శాతం అంది. స్మార్ట్ సిటీలు, అమృత్, స్వచ్ఛ భారత్ అంటూ పథకాలు ఏకరువు పెట్టి, 'సమష్టి కృషితోనే సాధ్యం' అని ముగించింది. తప్పేమీ లేదు, జవాబూ లేదు. ఆ 31 శాతం పక్కన ఎర్ర ఇంకుతో 'అయితే ఏంటి?' అని రాశారు. సరైన ప్రశ్న. ఆ అంకె కొట్టేసినా వ్యాసానికి పోయేదేమీ లేదు మరి.

రెండోది మొదటి పేరాలోనే తేల్చేసింది: ఊరు పెరగడం వల్ల కాదు, నీళ్ల దారులు మూసేసి పెరగడం వల్ల సంక్షోభం. 1908 మూసీ వరద, దాని తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, 2020 అక్టోబరులో మునిగిన హైదరాబాద్ కాలనీలు, అన్నీ ఆ ఒక్క వాదనకే సాక్ష్యం చెప్పాయి. పైగా 'ఉద్యోగం, ఆసుపత్రి, కాలేజీ నగరంలోనే ఉంటే జనం రాకుండా ఎలా ఉంటారు?' అని ఎదుటిపక్షం మాట తనే ఎత్తి, బదులిచ్చింది. ఎక్కువ మార్కులు ఇలాంటి పేరాకే పడుతున్నాయి. చేతిరాతకీ, రంగు గీతలకీ కాదు.

లోపాలూ ఉన్నాయి. మొదటి వ్యాసానికి గంటంబావు తినేసి, మూడోదాన్ని సగంలో వదిలేసిన కాపీకి 'ఇంకా విస్తరించాలి' అని రాస్తే లాభం లేదు. లోపం విషయంలో కాదు, టైములో ఉంది. గంటలో పది నిమిషాలు ప్లానుకి, నలభై ఐదు రాయడానికి, ఐదు చదువుకోవడానికి. పేరాకి 110-120 పదాల చొప్పున ఎనిమిదో తొమ్మిదో పేరాలు. ఈ లెక్క మొదటిరోజే చెప్పాల్సింది.

సెంటర్ ఇచ్చే మోడల్ ఆన్సర్లు ఇంకా నష్టం. అందరి కాపీలూ ఒకే గాంధీ సూక్తితో మొదలవుతున్నాయంటే కారణం అవే. తెలుగు మీడియం కాపీల మీద వ్యాఖ్యలు కూడా పలచన. ఆ మీడియంవాళ్లు ఫీజు కట్టేముందు దిద్దిన తెలుగు కాపీ ఒకటి అడిగి చూడండి. మార్జిన్‌లో 'గుడ్', 'ప్రెజెంటేషన్ మెరుగుపరచాలి' తప్ప ఏమీ లేకపోతే చేరొద్దు.