బెజవాడ కుళాయి: నీళ్లకు మంచి మార్కులే, ఇంటికొచ్చే పైపుకు మాత్రం కాదు

ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల మట్టం నిలిచినంతకాలం విజయవాడకు ముడినీటి చింత ఉండదు. విద్యాధరపురం, రామలింగేశ్వర నగర్ లాంటి చోట్ల పటిక వేసి మడ్డి దించి, ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. ఇక్కడిదాకా మార్కులు ధారాళంగా వెయ్యొచ్చు.

డబ్బు సంగతి. వెయ్యి లీటర్లను 60 మీటర్ల ఎత్తుకు తోడడానికి, మోటారు, పంపు కలిపి 65 శాతం సామర్థ్యంతో నడిస్తే, పావు యూనిట్ కరెంటు చాలు. అదే వెయ్యి లీటర్లు 20 లీటర్ల వాటర్ టిన్నుల్లో కొంటే 50 టిన్నులు. టిన్ను పది రూపాయలే అనుకున్నా 500 అవుతుంది. కుళాయికి సాటివచ్చే బేరం ఊళ్లో ఇంకోటి లేదు. మరి లోటెక్కడ? మీటరు లేని కనెక్షన్‌కు నెలకింతని కట్టే చార్జీలో రెండు బిందెలు పట్టిన ఇల్లూ, సంపు పొర్లించిన ఇల్లూ ఒకటే. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 16 వేల లీటర్లు. అంతకు మించి వాడినదాన్ని పట్టుకునే సాధనమే లేదు. కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ పథకం నిధులు, ఆర్థిక సంఘం గ్రాంట్లు వచ్చాయంటే కొత్త ట్యాంకులు, పైపులైన్లు లేస్తాయి. పంపుల కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, వాల్వు తిప్పే మనుషుల జీతం మాత్రం నెలనెలా కావాలి. నిర్వహణ ఖర్చు నూటికి నూరు శాతం చార్జీల్లోనే రావాలని, లెక్కకు రాని నీరు (లీకుల్లో పోయినదీ, చార్జీ రానిదీ) 20 శాతం దాటకూడదని కేంద్రం ప్రమాణం పెట్టింది. చార్జీలు చాలనప్పుడు ముందు వాయిదా పడేవి లీకుల మరమ్మతు, పాత పైపుల మార్పు. అందుకే చార్జీ పెంచొద్దనే కంటే మీటరు పెట్టమని అడగడమే న్యాయం అంటాం.

అసలు తంటా మెయిన్ లైను నుంచి గుమ్మం దాకా వచ్చే అరంగుళం పైపులో ఉంది. చాలాచోట్ల అది పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, అదీ సైడు కాలువలో మునిగి. తుప్పుపట్టి సూదిమొనంత బెజ్జం పడితే నీళ్లొచ్చినంతసేపూ లోపలి ఒత్తిడి మురుగును బయటే ఆపుతుంది. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అయి కాలువ నీళ్లు లోపలికి పీలుస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్చుడు రెట్టింపు, పక్కింటికి ధార కూడా పడిపోతుంది. కాబట్టి నీళ్లు ముందు సంపులోకి రానివ్వండి, మోటారు సంపుకే పెట్టండి. పైపు మార్చేటప్పుడు కాలువ కింది నుంచి కాక పైనుంచి, ఎండీపీఈ (తుప్పుపట్టని ప్లాస్టిక్) గొట్టంతో, బయట ఇంకో తొడుగు పైపుతో దాటించండి. మెయిన్ లైనుకు మీ పైపు కలిసే ఫెరూల్ దగ్గర, దాన్ని పట్టి ఉంచే సాడిల్ (పట్టీ) వాషరు కూడా కొత్తదే వేయించండి.

నీళ్లు మొదలయ్యాక వచ్చే మొదటి బిందెలు మొక్కలకు పోసేయండి. ఆ తర్వాత సంపు నుంచి కాక నేరుగా కుళాయి నుంచి ఓటీ పరీక్ష (నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో రంగుతో చెప్పే చుక్కల కిట్టు) చేయండి. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, కిట్టు మీద రాసినన్ని చుక్కలు వేస్తే లేత పసుపు తేలాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. రంగు అసలు తిరగలేదంటే దారిలో ఏదో కలుస్తోందన్న అనుమానం పెట్టుకోవాలి. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో ఫిల్టరు అక్కర్లేదు, పైగా అది క్లోరిన్ కూడా తీసేస్తుంది. ఆర్వో ఉప్పదనమున్న బోరుకు పనికొస్తుంది.

సంపు కడిగాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి మళ్లీ కడగాలి. తాగే నీటికి ఈ మోతాదు కాదు: వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అరగంట ఆగాలి.

మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఉండేవాళ్లు ఒత్తిడి కూడా చూసుకోవాలి. ఒక అంతస్తు ఇంటికి కనీసం 7 మీటర్ల ఎత్తుకు నీళ్లెక్కే ఒత్తిడి ఉండాలి. కుళాయికి పారదర్శక గొట్టం తొడిగి మేడ మీదకు పట్టుకుంటే నీళ్లు ఎంత ఎత్తు ఎక్కి ఆగాయో అదే మీ ఒత్తిడి. వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాసేటప్పుడు ‘నీళ్లు రావట్లేదు’ అనకుండా ఆ ఎత్తు, ఏ గంటకు కొలిచారో, క్లోరిన్ రంగు రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.