టీటీజీ రక్త పరీక్షా, మళ్లీ ఎండోస్కోపీయా?

సీలియాక్ వ్యాధి (గోధుమల్లాంటి వాటిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్న బిడ్డకు గోధుమలు మాన్పించాక పేగు కోలుకుంటోందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి: టీటీజీ-ఐజీఏ రక్త పరీక్ష (ఈ జబ్బులో ఒంట్లో పెరిగే ఐజీఏ రకం యాంటీబాడీలను కొలిచేది), లేదా మళ్లీ ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూడడం. పిల్లల విషయంలో నా ఓటు మొదటిదానికే.

రక్త పరీక్షకు పరగడుపున ఉండనక్కర్లేదు. ఆహారం మార్చిన 3 నుంచి 6 నెలలకు మొదటిసారి, మామూలు స్థాయికి వచ్చేదాకా 6 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయిస్తారు. అంకె ఒక్కసారిగా పడిపోదు. మొదట్లో బాగా ఎక్కువగా ఉన్న బిడ్డకు ఏడాది దాటినా పట్టవచ్చు. తగ్గుతూ ఉంటే కంగారు వద్దు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. కిట్టు మారితే కొలమానమూ మారుతుంది కాబట్టి, ఒక చోటి 40ని మరో చోటి 25తో పోల్చి సంతోషించడానికి లేదు.

దీని లోపం, అప్పుడప్పుడు నోట్లో పడే కొద్దిపాటి గ్లూటెన్‌ను పట్టుకోలేకపోవడం. మనం తినేది అన్నమే కదా అనుకుంటాం గానీ, పులిహోరలో వేసే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. డబ్బా వెనుక తప్పక చదవండి.

ఎండోస్కోపీ పేగును నేరుగా చూపిస్తుంది, నిజమే. కానీ పిల్లలకు మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే. పథ్యం గట్టిగా పాటిస్తున్నా బాధలు తగ్గకపోతేనో, అంకె దిగకపోతేనో దాని అవసరం వస్తుంది.

ఒంట్లో ఐజీఏ లోపమున్న పిల్లలకు మాత్రం టీటీజీ-ఐజీఏ ఫలితాన్ని నమ్మడానికి లేదు. ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని చూసే పరీక్ష రాయమని డాక్టరును అడగాలి.