మన మల్లెలు, మన జిల్లేడు: హొనొలులు పూలదండల వీధి

హవాయి వెళ్ళేవాళ్ళు చాలామంది ఎయిర్‌పోర్ట్‌లో మెడలో దండ వేసి ఆహ్వానించే సర్వీసును ముందే బుక్ చేసుకుంటారు. అమ్మ కోసం మేమూ తీసుకున్నాం. మనిషి ఆలస్యంగా వచ్చాడు, వేసినవి ఊదారంగు ఆర్కిడ్ దండలు. అవి తొందరగా వాడవు, ఫొటోలో బాగుంటాయి, వాసన మాత్రం ఉండదు. ఇలాంటి ఆర్కిడ్లు చాలావరకు థాయిలాండ్ నుంచి వచ్చేవే. ఆ డబ్బు హొనొలులులోని చైనాటౌన్ పేటలో పెట్టండి.

హోటళ్ళుండే బీచ్ ప్రాంతం వైకీకీ నుంచి సిటీ బస్సెక్కితే చైనాటౌన్ దగ్గర దిగొచ్చు. అక్కడ మౌనకేయ వీధిలో లేయ్ కొట్లు ఉంటాయి. దండను వాళ్ళు లేయ్ అంటారు. ముందు అద్దాల ఫ్రిజ్‌లు, వెనక బల్ల దగ్గర పూలు గుచ్చేవాళ్ళు. ఫ్రిజ్ తలుపు తీయగానే అమ్మ "ఇవి మన మల్లెలేరా!" అంది. అక్షరాలా మన మల్లెలే. అక్కడ వాటిని పికాకే అంటారు. కైయులాని యువరాణికి ఈ పూలన్నా, తన తోటలోని నెమళ్ళన్నా ప్రాణం. నెమలిని ఇంగ్లీషులో పీకాక్ అంటారు కదా, ఆ పేరే పికాకేగా మారి పువ్వుకూ వచ్చిందట.

మనం మల్లెలను జతలుగా పేర్చి దారంతో ముడివేసి కడతాం. వాళ్ళు పొడవాటి సన్నని సూదితో, విచ్చని మొగ్గను కాడ నుంచి కొస దాకా నిలువుగా గుచ్చుతారు. కొట్లో ఉన్న పెద్దావిడ ఒక్కో మొగ్గా ఎక్కిస్తుంటే అచ్చం ముత్యాల పేట తయారవుతున్నట్టే ఉంది. అమ్మ అక్కడి నుంచి ఒక పట్టాన కదల్లేదు. పెళ్ళికూతుళ్ళు ఇలాంటివి నాలుగైదు పేటలు కలిపి వేసుకుంటారు. దేవగన్నేరు దండతో పోలిస్తే ధర బాగా ఎక్కువే. అయినా కొనాలంటే ఇదే కొనండి.

అంతకన్నా ఆశ్చర్యపరిచింది జిల్లేడు. మనం దేవుడికి వేసే పువ్వును వాళ్ళు మనుషుల మెడలో వేస్తారు. హవాయిని ఏలిన చివరి రాణి లిలియువొకలానికి ఇష్టమైన పువ్వు ఇది. రేకులు తీసేసి మధ్యలోని కిరీటాలను మాత్రమే గుచ్చిన దండలు కూడా దొరుకుతాయి. పాలు కంట్లో పడకూడదన్న జాగ్రత్త అక్కడా ఉంది.

హొనొలులు ఉన్న ఒవాహు దీవి పువ్వు ఇలిమా. బంగారు రంగు, కాగితం కన్నా పలచన. ఒక్క పేటకే 500 పైగా పూలు పడతాయి, ఆ రోజుకే వాడిపోతాయి. కావాలంటే కొట్టుకు ముందే ఫోన్ చేసి అడగాలి.

దేవగన్నేరు చెట్ల కోసం కోకో క్రేటర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాం. చల్లారిన అగ్నిపర్వత బిలంలో తోట, టికెట్ లేదు. తెలుపు, పసుపు, గులాబి, ఎరుపు, అన్ని రంగులూ ఉన్నాయి. నీడ తక్కువ, నీళ్ళు తీసుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. హవాయి గాలిలో ఎక్కడ చూసినా ఉండే ఈ పువ్వు అసలు అక్కడిది కాదు. 1860లో హిల్లెబ్రాండ్ అనే డాక్టర్ తెచ్చి నాటాడు. ఆయన మొదలుపెట్టిన తోటే ఇప్పటి ఫోస్టర్ గార్డెన్, చైనాటౌన్ నుంచి నడిచి వెళ్ళే దూరం. రెండింట్లో ఒక్కదానికే టైం ఉంటే నా ఓటు కోకో క్రేటర్‌కే.

వైకీకీలో మా హోటల్ గది బాగానే ఉంది. రోజువారీ రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కలిపితే బిల్లు చూసి గుండె గుభేలుమంది. తోట చూసే రోజుకు మాత్రం కారు తీసుకుంటే చాలు.

మే 1న లేయ్ డే, 1928 నుంచి జరుపుతున్నారు. కపియోలాని పార్కులో దండల పోటీ పెడతారు. వీలైతే ఆ వారానికే ప్లాన్ చేసుకోండి.

ఎవరైనా దండ వేస్తే వాళ్ళెదుటే తీసేయకూడదు. వాడిపోయాక చెత్తబుట్టలో పడేయరు, దారం తెంపి పూలను మట్టిలో కలుపుతారు. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. నారింజ జాతి పూలూ ఆకులూ, మొకిహానా అనే అక్కడి చెట్టు కాయలూ ఉన్న దండలను అమెరికా మెయిన్‌లాండ్‌కు తీసుకెళ్ళనివ్వరు. మల్లెలకు మాత్రం ఏ అడ్డూ చెప్పలేదు.