చెట్టుని చెట్టుగా చదవాలా, గుర్తుగా చదవాలా?

మా అమ్మాయి తెలుగు గైడులో ఒక పట్టిక ఉంది. ఎడమవైపు చెట్టు, నది, సూర్యోదయం, పువ్వు. కుడివైపు వరసగా త్యాగం, జీవన ప్రవాహం, ఆశ, సౌకుమార్యం. కవిత ఏదైనా సరే, ఈ పట్టిక దగ్గరుంటే నాలుగు మార్కుల జవాబు రెండు నిమిషాల్లో అయిపోతుంది. నేను చదువుకునే రోజుల్లోనూ ఇలాంటిదే ఉండేది. కాకపోతే అప్పుడు సూర్యోదయానికి ఎదురుగా 'విప్లవం' అని ఉండేది. పొద్దు పొడవడంలో ఏ మార్పూ లేదు, అర్థం మాత్రం ఎడిషన్‌తో పాటు మారిపోయింది.

ప్రకృతి మీద రాసిన ఆధునిక కవిత చేతికొస్తే చదవడానికి మనకి మూడు దారులున్నాయి. మొదటిది ఈ పట్టిక దారి, అంటే గుర్తులు విప్పుకోవడం. రెండోది కవి మనసు చదవడం: అడవి అన్నా వెన్నెల అన్నా అదంతా కవి దిగులే అనుకోవడం. మూడోది వస్తువునే తేరిపార చూడటం. వాగంటే ముందు వాగే, తర్వాతే ఇంకేదైనా.

ఏది మేలో తేల్చుకోవడానికి నేనొక మోటు పరీక్ష పెట్టుకున్నాను. కవితలోంచి ఆ వస్తువుని పీకేసి దాని చోట ఇంకోటి పెట్టి చూస్తాను. కవిత చెక్కుచెదరకపోతే వస్తువు అక్కడ అద్దెకున్నట్టు లెక్క. కూలిపోతే ఇల్లు దానిదే.

మొదట దేవులపల్లి కృష్ణశాస్త్రి. 1925లో వచ్చిన 'కృష్ణపక్షం'లోని 'ఆకులో ఆకునై పూవులో పూవునై' చాలామందికి 1982లో వచ్చిన 'మేఘసందేశం' సినిమా పాటగానే తెలుసు. సుశీల గొంతులో విన్నాక దాన్ని రాగం లేకుండా చదవడం కష్టం, కానీ ఒకసారి చదవండి. ఆ పల్లవిలో ఏ చెట్టుకీ పేరు లేదు. మద్దో టేకో చెప్పడు, ఊరికే ఆకు, పువ్వు, కొమ్మ, రెమ్మ. ఇది అడవి గురించిన కవిత కాదని, కవి మనసేనని అప్పుడే అనిపిస్తుంది. కృష్ణశాస్త్రిలా తమ అనుభూతినే పాడుకునే భావకవుల విషయంలో రెండో దారికి ఉన్న బలం ఇదే.

ఇప్పుడు అడవిని తీసి సముద్రం పెడదాం. 'అలలో అలనై, నురగలో నురగనై'. తూగు ఎక్కడా చెడలేదు, దిగులూ అలాగే ఉంది. అయితే ఆ వెంటనే 'ఈ యడవి దాగిపోనా' దగ్గర పరీక్ష తిరగబడుతుంది. సముద్రంలో దాక్కోవడం కుదరదు, మునిగిపోవడమే. దాక్కోవడం దాగుడుమూతల మాట. దాక్కున్నవాణ్ణి ఎవరో వెతుకుతారన్న ఆశ ఆ మాటలోనే ఉంది. ఆకుల్లో ఆకులా దాక్కుంటే ఎవరికీ కనబడం, కానీ బతికే ఉంటాం. పైగా 'దాగిపోనా', 'ఆగిపోనా' అని అడుగుతున్నాడు, ఎవరి అనుమతి కోసమో తెలియదు. గైడు దీన్ని 'ప్రకృతిలో లీనమవ్వాలనే ఆకాంక్ష' అంటుంది. లీనమయ్యేవాడు ఎవర్నీ అడగడు. కవి మనసు చదివే దారి ఇక్కడ ముప్పాతిక మార్కులు కొట్టేసింది గానీ, మిగతా పాతిక అడవిదే.

కరుణశ్రీ 'పుష్పవిలాపం' దగ్గర మూడో దారి పూర్తిగా ఓడిపోతుంది. దేవుడికి పూలు కోద్దామని కొమ్మ వంచి గోరు ఆనించేలోపు పూలన్నీ నోళ్లు విప్పి 'మా ప్రాణము తీతువా' అని బావురుమన్నాయి. ఇక్కడ వస్తువుని వస్తువుగా చూసే మనిషి ఏమంటాడు? కోసినా కోయకపోయినా మల్లె మర్నాటికి వాడిపోతుంది కదండీ అంటాడు. అతణ్ణి పక్కన కూచోబెట్టి ఘంటసాల గొంతులో వినిపించినా లాభం లేదు.

మరి గుర్తుగా చదివితే? పువ్వంటే స్త్రీ అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆధారం లేకపోలేదు. మా యౌవనమంతా కొల్లగొట్టి ఆపైన చీపురుతో చిమ్మి పారబోస్తారు కదా అని పువ్వు నిలదీస్తుంది. ఆ మాట పువ్వు నోట వినగానే ఇంకో గొంతు వినబడకుండా ఉండదు. కానీ అదే కవితలో దారాలతో గొంతుకు ఉరి బిగించి, గుండెల్లోంచి సూదులు గుచ్చి జడల్లో ముడుచుకుంటారని చెప్పి 'దయలేనివారు మీ యాడువారు' అంటుంది పువ్వు. 'మీ' ఆడవారట. పువ్వే స్త్రీ అయితే ఈ పాదాన్ని ఏం చేయాలి? పట్టిక దగ్గర జవాబు ఉండదు. క్లాసులో ఎవరూ అడగరు కాబట్టి సరిపోతోంది.

అసలు తాళంచెవి ఇంకా కిందికి వెళ్తే ఉంది. 'బుద్ధదేవుని భూమిలో పుట్టినావు' అని పువ్వు గుర్తుచేస్తుంది, అంటే అసలు మాట అహింస గురించి. పువ్వు చోట లేగదూడని పెట్టి చూడండి. ఏడుపు ఇంకా పెరుగుతుంది, పదును పోతుంది. దూడని చంపకూడదంటే ఎవరు కాదంటారు? పూలు కోసేవాడు మడి కట్టుకుని, బుట్ట పట్టుకుని, పుణ్యం చేస్తున్నాననే ధీమాతో వచ్చాడు. ఆ శుభ్రమైన చేతినే పట్టుకుని హంతకుడా అనడంలో ఉంది దెబ్బ. (కొబ్బరికాయ కూడా పూజకే వెళ్తుంది, పైగా పగులుతుంది. దాని తరఫున ఇంతవరకు ఎవరూ విలపించలేదు.) కాబట్టి ఇక్కడ గుర్తులు విప్పే దారే మేలు, కాకపోతే తాళంచెవి గైడులో కాకుండా కవితలో వెతుక్కోవాలి.

ఇస్మాయిల్ దగ్గరికొస్తే లెక్క తలకిందులవుతుంది. 1966లో వచ్చిన తొలి సంపుటికి 'చెట్టు నా ఆదర్శం' అని పేరు పెట్టుకున్న కవి. ఆ పేరు చూసి పట్టికవాళ్లు ఎంత సంబరపడి ఉంటారో! నాకు మాత్రం ఆయన మరో సంపుటి పేరు చాలు: 'బాల్చీలో చంద్రోదయం'. బాల్చీ తీసి చెరువు పెట్టండి. 'చెరువులో చంద్రోదయం' క్యాలెండరు బొమ్మ అయిపోతుంది. మన కవిత్వంలో చంద్రుడు ఎన్ని వందల ఏళ్లుగా ప్రియురాలి ముఖమై అరిగిపోయాడో! ఇంటి వెనక సిమెంటు గట్టు మీద, అంచు సొట్టపోయిన ఇనప బాల్చీలోకి దిగగానే మళ్లీ చంద్రుడయ్యాడు. చెయ్యి తగిలితే ముక్కలవుతాడు, నీళ్లు కుదుటపడితే అతుక్కుంటాడు. దీనికి ఎదురుగా పట్టికలో ఏం రాస్తారు? 'సామాన్యుడి జీవితంలో వెలుగు' అని రాస్తారు, నాకు తెలుసు. అలా రాసిన మరుక్షణం బాల్చీ ఖాళీ.

ఎరుపు గురించి ఒక్కమాట. తెలంగాణ కవితల్లో మోదుగు పూస్తే చాలు, పోరాటమని మార్జిన్‌లో రాసేస్తాం. తప్పని అనను. కానీ మోదుగు ఆకులన్నీ రాల్చుకున్నాక పూస్తుంది. చలి వెళ్లి ఎండ ముదిరే వేళ, చుట్టూ ఎండుగడ్డి తప్ప ఏమీ లేనప్పుడు మోడు మీద నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. ఆ ఆకులతోనే విస్తళ్లు కుట్టుకుంటారు, ఆ పూలనే ఉడకబెట్టి హోలీకి రంగు తీస్తారు. ఇదంతా తెలిసినవాడికి ఆ ఎరుపులో అన్నం, ఆకలి, ఆట కూడా కనిపిస్తాయి. రంగు ఒక్కటే తెలిసినవాడికి జెండా కనిపిస్తుంది.

మూడు దారులూ ఒకటైపోయే చోటు గోరటి వెంకన్న పాట. 'వాగు ఎండిపాయెరో పెదవాగు తడి పేగు ఎండిపాయెరో'. వాగు చోట బావి పెట్టండి, బోరు పెట్టండి, పాట నిలవదు. ఎందుకంటే పేగు పొడుగ్గా, మెలికలు తిరిగి, లోపల తడిగా ఉంటుంది. పైనుంచి చూస్తే వాగు అచ్చం అలాగే ఉంటుంది. పేగు తెంచుకు పుట్టాం అంటాం, పేగుబంధం అంటాం. ఊరి కడుపులో పేగు ఎండిందంటే అది ఆకలీ, తల్లితో తెగిన ముడీ రెండూ. అయినా ఇది గుర్తు అని చెప్పి వాగుని దాటెయ్యలేం, ఎందుకంటే వాగు నిజంగానే ఎండింది.

అందుకని, ఎవరైనా అడిగితే నా వరస ఇది: ముందు వస్తువు, ఆ తర్వాత మనసు, మిగిలితే గుర్తు. 'పుష్పవిలాపం' లాంటివి వస్తే వరస తిప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. గుర్తుతో మొదలుపెట్టినవాళ్లు వెనక్కొచ్చి వస్తువుని చూడటం మాత్రం నేను పెద్దగా చూడలేదు. జవాబు దొరికాక వెతికేదెవరు?

ఇదంతా అమ్మాయికి చెబితే ఓపిగ్గా వింది. 'నాన్నా, పరీక్షలో మాత్రం పట్టికలో ఉన్నదే రాస్తా' అంది. రాయమన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చి 'తడి పేగు అంటే లోపల నీళ్లుంటాయా, నిజంగా?' అని అడిగింది. సైన్సు పుస్తకం తీసి ఇద్దరం ఆ బొమ్మ వెతికాం.